తేనె వేసినంత మాత్రాన కేకు మందు అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం వంటల పేజీలో వచ్చిన తేనె కేకు చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. చక్కెర ఒక కప్పు అని ఉన్నచోట తేనె ఒక కప్పు పోసుకోండి, మిగతాదంతా మామూలే, షుగర్ ఉన్నవాళ్లు కూడా భయం లేకుండా తినొచ్చు, చంటిపిల్లలకు మరీ మంచిది అని అందులో రాశారు. ఈ మూడూ తప్పే. మొదటిదాని వల్ల కేకు పాడవుతుంది, అంతవరకు పోనీలే అనుకోవచ్చు, కానీ మిగతా రెండూ అలా వదిలేసేవి కావు. పేపర్లో అచ్చయిన మాటను మా దగ్గర జనం నమ్ముతారు, కత్తిరించి ఫ్రిజ్ తలుపు మీద అంటించుకుంటారు, ఊళ్లో ఉన్న అక్కకో వదినకో ఫొటో తీసి పంపుతారు.

నేను తిరుపతిలో ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంటాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో గుడ్డు లేని కేకు అడిగేవాళ్లే ఎక్కువ, ఈ మధ్య దానికి తోడు "చక్కెర వద్దమ్మా, తేనె వేసి చేయండి" అనేవాళ్లు పెరిగారు. ఎందుకని అడిగితే ఎక్కువమంది చెప్పేది రుచి గురించి కాదు, ఆరోగ్యం గురించే. తేనె మీద మన వాళ్లకు ఉన్న గౌరవం నాకు తెలియనిది కాదు, స్నపన తిరుమంజనంలో పాలు, పెరుగు, కొబ్బరినీళ్లతో పాటు తేనె కూడా స్వామికి అభిషేకిస్తారు, ఇంట్లో పంచామృతానికి అది లేకుండా కుదరదు, దగ్గు వస్తే అల్లం రసంలో కలిపి పెడతాం. నాకూ తేనె అంటే ఇష్టమే. ఇష్టం కాబట్టే దాని గురించి సరిగ్గా రాయమని అడుగుతున్నాను.

ముందు కొలత సంగతి. 240 మిల్లీలీటర్ల కప్పు నిండా చక్కెర పోసి తూకం వేయండి, దాదాపు 200 గ్రాములు తూగుతుంది, అదే కప్పు నిండా తేనె పోస్తే 340 గ్రాముల దాకా తూగుతుంది. తేనెలో ఆరోవంతుకు కాస్త ఎక్కువగా నీళ్లుంటాయి, ఆ నీళ్లు తీసేసి లెక్క చూసినా 280 గ్రాముల వరకు మిగిలేది ఫ్రక్టోజ్, గ్లూకోజ్ లాంటి చక్కెరలే. అంటే మీరు చెప్పినట్టు కప్పుకు కప్పు వేస్తే చక్కెర మానేసినట్టు కాదు, ముందుకంటే 80 గ్రాములు ఎక్కువ తిన్నట్టు! 100 గ్రాముల చక్కెరలో 387 కేలరీలు, 100 గ్రాముల తేనెలో 304 కేలరీలు అన్న లెక్క చూపించి తేనెలో తక్కువే కదా అంటారు, నిజమే, కానీ మనం వంటింట్లో కప్పుతో కొలుస్తాం, కప్పు లెక్కకు వచ్చేసరికి చక్కెర 775 కేలరీల దగ్గర ఆగితే తేనె వెయ్యి దాటిపోతుంది. ముప్పావు కప్పు తేనె వేస్తే అప్పుడు రెండూ సరిసమానం, అదే 775. కాబట్టి కప్పు చక్కెరకు ముప్పావు కప్పు తేనె అనేది గరిష్ఠం అనుకోవాలి, నేనైతే అరకప్పుకు కాస్త పైన ఆపేస్తాను, ఫ్రక్టోజ్ ఎక్కువ కాబట్టి ఆ మాత్రానికే తీపి బాగా తెలుస్తుంది.

ఇక మిగతాదంతా మామూలే అన్న మాట. మామూలుగా చేస్తే ఏమవుతుందో మీ కేకు చేసి చూసిన మా వీధిలో ఒకామె ఇంట్లో చూశాను, పైన నల్లగా మాడి, మధ్యలో గుంట పడి, కోస్తే లోపల హల్వా ముద్దలా ఉంది. ఆమె తప్పేం లేదు, పేపర్లో ఉన్నది ఉన్నట్టు చేసింది, పాపం కిలో చక్కెర ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొన్న తేనె అంతా వృథా అయింది.

మధ్యలో గుంట పడటానికి కారణం నీళ్లు. చక్కెర పొడి సరుకు, తేనె నీళ్లున్న సరుకు, అందుకే కప్పు తేనె వేసే చోట పాలో నీళ్లో పావు కప్పు దాకా తగ్గించాలి. గుడ్డు వేసే కేకులో గుడ్డు గట్టిపడి పిండిని నిలబెడుతుంది, మన ఎగ్‌లెస్ కేకులో ఆ ఆధారం లేదు, పెరుగూ సోడా కలిసి పొంగించిన పిండి తడి ఎక్కువైతే పొంగినట్టే పొంగి కూలిపోతుంది. ఇంకో సంగతి, వెన్నా చక్కెరా కలిపి గిలకొట్టేటప్పుడు చక్కెర పలుకులే వెన్నలోకి గాలిని ఎక్కిస్తాయి, తేనెకు పలుకు లేదు, అందుకని తేనె కేకు ఎంత బాగా చేసినా చక్కెర కేకంత గుల్లగా రాదు, కాస్త బరువుగానే ఉంటుంది. గుల్లగానే కావాలంటే సగం చక్కెర, సగం తేనె వేసుకోవడం మంచి పద్ధతి, దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మాడటానికి కారణం వేడి. తేనెలోని ఫ్రక్టోజ్ మామూలు చక్కెర కంటే చాలా త్వరగా రంగు తిరుగుతుంది, 180 డిగ్రీల్లో చేసే కేకును తేనె వేసినప్పుడు 160, 165కు తగ్గించి ఇంకో పది నిమిషాలు ఎక్కువసేపు ఉంచాలి, పైన రంగు వచ్చేస్తే అల్యూమినియం ఫాయిల్ కప్పాలి. ఓవెన్ లేనివాళ్లు కుక్కర్‌లో విజిల్, రబ్బరు తీసేసి, అడుగున ఉప్పో ఇసుకో పోసి చేస్తారు కదా, అందులో డిగ్రీలు తెలియవు కాబట్టి మంట పూర్తిగా సిమ్‌లో పెట్టి, గిన్నె కింద ఎత్తుగా స్టాండు వేసి, గిన్నె అడుగున బటర్ పేపర్ రెండు మడతలు వేయాలి, లేకపోతే అడుగు ముందే మాడుతుంది. తేనెకు పులుపు గుణం కూడా ఉంటుంది, నాలుకకు తెలియదు కానీ దాని పీహెచ్ దాదాపు 4 ఉంటుంది, అందుకే పెరుగు లేని కేకుల్లో కప్పు తేనెకు పావు టీస్పూన్ వంటసోడా అదనంగా వేస్తారు. పెరుగూ సోడా రెండూ ఉన్న కేకులో మళ్లీ వేస్తే సబ్బు వాసన వస్తుంది, వేయకండి.

ఇన్ని చెప్పి కొలతలు ఇవ్వకపోతే ఎలా, మా ఇంట్లో అందరూ ఇష్టంగా తినే రాగి కేకు ఇది, సంకటి తినే ఊరు కాబట్టి రాగిపిండి అందరిళ్లలో ఉంటుంది. గోధుమపిండి 120 గ్రాములు, రాగిపిండి 60 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్, వంటసోడా అర టీస్పూన్, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి అన్నీ కలిపి జల్లించాలి. ఇంకో గిన్నెలో గట్టి పెరుగు 150 గ్రాములు, తేనె 150 గ్రాములు, కరిగించిన వెన్న గానీ వాసన లేని నూనె గానీ 80 గ్రాములు, పాలు 50 మిల్లీలీటర్లు బాగా కలిపి, అందులో పొడిపిండి వేసి ఉండలు లేకుండా కలిస్తే చాలు, ఎక్కువసేపు తిప్పితే గట్టిపడుతుంది. ఏడు అంగుళాల గిన్నెలో పోసి 160 డిగ్రీల్లో నలభై నిమిషాలు, తర్వాత పుల్ల గుచ్చి చూడాలి. చేసిన రోజు కంటే మర్నాడు ఇంకా బాగుంటుంది, తేనె గాలిలో తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి రెండు మూడు రోజులైనా ఎండిపోదు, నిజానికి చక్కెర బదులు తేనె వేయడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే, దాంతో పాటు ఆ వాసన. ముదురు రంగు తేనె రాగితో, అల్లంతో కలిసిపోతుంది, వెనిలా కేకులో వేస్తే మాత్రం వెనిలా జాడ కూడా తెలియదు, అక్కడ లేత రంగు తేనె వాడాలి.

ఆ తేమ పట్టే గుణమే కొన్ని చోట్ల పనికిరాదు. కరకరలాడే బిస్కెట్లు తేనెతో చేస్తే సాయంత్రానికే మెత్తబడతాయి, మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టే రోజుల్లో అయితే డబ్బాలో పెట్టినా అంతే. వేరుశనగ చిక్కి కూడా ఒట్టి తేనెతో కుదరదు, ముదురు పాకం వచ్చిందనుకున్నా చల్లారాక చేతికి జిగురుగా అంటుతుంది. దానికి బెల్లమే సరి, చిత్తూరు బెల్లం మన ముంగిట్లోనే ఉంది కదా.

తేనె కొనడం గురించి కూడా ఒక మాట రాసి ఉంటే బాగుండేది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయిస్తే మూడే మూడు అన్ని పరీక్షలూ నెగ్గాయని ప్రకటించింది, ఎన్‌ఎంఆర్ అనే, కల్తీ సిరప్‌లను పట్టే పరీక్ష కోసం నమూనాలను జర్మనీకి పంపించారు, కంపెనీలు ఆ ఫలితాలను ఒప్పుకోలేదు, అది వేరే విషయం. దాన్నుంచి మనం తెలుసుకోవాల్సింది ఏమిటంటే మామూలు పరీక్షలకు దొరకకుండా తయారుచేసిన సిరప్‌లు ఉన్నాయని, అలాంటప్పుడు నీళ్లలో వేస్తే అడుగుకు దిగాలి, అగ్గిపుల్లకు రాస్తే మండాలి, చీమలు పట్టకూడదు అనే ఇంటి పరీక్షలతో ఏం తేలుతుంది? చిక్కటి చక్కెర పాకం కూడా నీళ్లలో అడుగుకే దిగుతుంది. రోడ్డు పక్కన బేసిన్లో తుట్టె పెట్టుకుని శేషాచలం అడవి తేనె అని అమ్మేవాళ్లలో నిజంగా తీసుకొచ్చేవాళ్లూ ఉన్నారు, బెల్లం పాకం కలిపేవాళ్లూ ఉన్నారు, చూసి చెప్పడం కష్టం. తలకోన వైపు యానాదులు తరతరాలుగా తేనె తీస్తున్నారు, తెలిసినవాళ్ల ద్వారా అలాంటివాళ్ల దగ్గర దొరికితే అదృష్టం, లేదంటే 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ తేనె ఉంది. ఇంకొకటి, సీసా అడుగున తేనె పలుకులు కట్టి గడ్డకడితే అది కల్తీ అని పారబోసేవాళ్లు చాలామంది ఉన్నారు, అలా పారేయకండి, గ్లూకోజ్ ఎక్కువున్న తేనె అలాగే పేరుకుంటుంది, చెయ్యి పట్టే వేడి ఉన్న నీళ్లలో సీసా కాసేపు ఉంచితే మళ్లీ కరుగుతుంది.

ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్ల సంగతి, ఇక్కడే నాకు కోపం వచ్చింది. తేనె తిన్నప్పుడు రక్తంలో గ్లూకోజ్ పెరిగే వేగం చక్కెరతో పోలిస్తే కాస్త తక్కువ, కాస్తే, దాన్ని పట్టుకుని భయం లేకుండా తినొచ్చు అని ఎలా రాస్తారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర వాడకం మీద సూచనలు ఇచ్చినప్పుడు తగ్గించుకోవాల్సిన చక్కెరల్లో తేనెను, సిరప్‌లను, పండ్ల రసాలను కూడా కలిపే చెప్పింది, రోజు మొత్తం శక్తిలో పదో వంతు మించకూడదని, ఇరవయ్యో వంతుకు తగ్గిస్తే ఇంకా మంచిదని. 2000 కేలరీలు తినే మనిషికి ఆ ఇరవయ్యో వంతు అంటే రోజుకు 25 గ్రాములు. పైన నేను రాసిన కేకు, అంత తక్కువ తేనెతో చేసింది, పది ముక్కలు కోస్తే ఒక్కో ముక్కలో తేనె నుంచి వచ్చే చక్కెర 12 గ్రాములు, రెండు ముక్కలు తింటే రోజుకు సరిపడా అయిపోయినట్టే. ఇందులో గోధుమపిండి, రాగిపిండి లెక్క లేదు, ఒంట్లోకి పోయాక ఆ పిండి కూడా గ్లూకోజే అవుతుంది. అన్నం తగ్గించుకుని, కాఫీలో చక్కెర మానేసి, పూటకో మాత్ర వేసుకుంటూ జాగ్రత్తగా ఉండే పెద్దాయన మీ పేజీ చూసి సగం కేకు తింటే ఎవరు బాధ్యులు? తినకూడదని నేను అనను, మనవరాలి పుట్టినరోజున ఒక చిన్న ముక్క తినాలనుకుంటే డాక్టరును అడిగి, ఆ పూట అన్నం తగ్గించుకుని తింటారు, అది వాళ్ల లెక్క. ఆ లెక్క వేసుకోవడానికి నిజం తెలియాలి కదా.

నాలాగే ఇంట్లో చేసి అమ్మే అక్కచెల్లెళ్లకు కూడా ఇదే మాట. తేనె కేకు డబ్బా మీద షుగర్ ఫ్రీ అని స్టిక్కర్ వేస్తున్నారు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే దేశ ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం ఆ మాట రాయాలంటే 100 గ్రాముల పదార్థంలో చక్కెరలు అర గ్రాము మించకూడదు, నా రాగి కేకులోనే 20 గ్రాములు దాటతాయి. తేనెతో చేసిన కేకు అని రాస్తే చాలు, అది నిజం, దానికీ గిరాకీ ఉంటుంది.

వేడి చేసిన తేనె విషం అని ఆయుర్వేదం చెప్పిన మాటను కూడా మా ఇళ్లలో పెద్దవాళ్లు గుర్తు చేస్తుంటారు. తేనెను ఎక్కువసేపు కాస్తే హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది, తేనె ప్రమాణాల్లో దానికి పరిమితి కూడా పెట్టారు, అయితే కాల్చిన రొట్టెలో, కాఫీ గింజల్లో కూడా అది ఉంటుంది కాబట్టి ఒక ముక్క కేకుకు కంగారు పడక్కర్లేదని నా అభిప్రాయం. ఆ నియమం పాటించేవాళ్లతో వాదించను, వాళ్ల కోసం తీపి తక్కువగా బెల్లంతో కేకు చేసి, పూర్తిగా చల్లారాక పైన తేనె పోసి ఇస్తాను, వాసన కూడా అలాగే బాగా నిలుస్తుంది. ఒకటి మాత్రం నిజం, పచ్చి తేనెలో ఉండే ఎంజైములు ఓవెన్ వేడికి నిలవవు, కాబట్టి తేనెలోని ఔషధ గుణాలన్నీ కేకులోకి వస్తాయని అనుకోవడం సరికాదు.

చివరికి పసిపిల్లల మాట. ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. క్లోస్ట్రిడియం బోట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు తేనెలో ఉండొచ్చు, స్వచ్ఛమైన తేనెలోనూ ఉండొచ్చు, పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తలేవు, ఏడాదిలోపు పిల్లల పేగులకు వాటిని అడ్డుకునే శక్తి ఇంకా రాదు, అక్కడ అవి పెరిగి విషాన్ని విడుదల చేస్తాయి. మొదట మలబద్ధకం, తర్వాత ఏడుపు సన్నబడటం, పాలు చప్పరించలేకపోవడం, మెడ వాలిపోవడం, చివరికి ఊపిరి అందకపోవడం దాకా పోతుంది. అరుదుగా వచ్చే జబ్బే, కానీ వస్తే ఐసీయూలో ఉంచాల్సిన జబ్బు. ఓవెన్లో కాల్చాం కదా, చచ్చిపోయి ఉంటాయిలే అనుకోకూడదు. ఓవెన్ 160 డిగ్రీల్లో ఉన్నా కేకు లోపలి తడి భాగం 100 డిగ్రీలు దాటదు, ఈ బీజాలు చావాలంటే 121 డిగ్రీలు కావాలి, అదీ ఆవిరి ఒత్తిడిలో.

ఈ మధ్య నెలనెలా కేకు కోసి ఫొటోలు తీయడం, అన్నప్రాసన రోజు కేకు తెప్పించడం బాగా ఎక్కువైంది. "ఆరు నెలల పాపకమ్మా, చక్కెర అస్సలు వద్దు, తేనె వేయండి" అని ప్రేమగా అడుగుతారు, వాళ్ల ప్రేమను తప్పు పట్టలేను. అలాంటి ఆర్డరు వస్తే తేనె వేయనని చెప్పి, ఎందుకో వివరించి, పాప నాలుకకు రాయడానికి బాగా పండిన అరటిపండు మెత్తగా చిదిమి పెట్టమంటాను, కేకు పెద్దవాళ్లు తింటారు. పుట్టగానే బిడ్డ నాలుక మీద తేనె రాసే ఆచారం చాలా ఇళ్లలో ఉంది, మా అవ్వ కాలంలోనూ ఉంది, అత్తగారితో వాదించలేక ఊరుకునే కోడళ్లు నాకు తెలుసు. వాళ్లకు పేపర్లో వచ్చిన నాలుగు ముక్కలు చూపించడానికి ఉంటే ఎంత ధైర్యంగా ఉంటుందో ఆలోచించండి. పేజీలో వచ్చింది మాత్రం దానికి పూర్తిగా ఎదురు.

కాబట్టి వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయమని కోరుతున్నాను. ఇకముందు బేకింగ్ వంటకాలు వేసేటప్పుడు కప్పులతో పాటు గ్రాములు కూడా ఇవ్వండి, కుక్కర్‌లో చేసేవాళ్లకు ఎలాగో ఒక లైను రాయండి. ఉత్తరం పొడవైంది, స్థలం చాలక కత్తిరించాల్సి వస్తే నా రాగి కేకు, కొలతలు, తేనె కొనే సంగతులు అన్నీ తీసేయండి, ఏడాదిలోపు పిల్లల గురించి రాసిన భాగం మాత్రం ఒక్క వాక్యం కూడా తగ్గించకుండా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తిరుపతి